నూట నలభై మధ్యాహ్నాలు

వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఆరు సముద్ర వేదికల్లోనూ పుట్టుగుండె పట్టికను మూసివేస్తున్నారు. గుండెలో లోపంతో పుట్టి, శస్త్రచికిత్సతో పెరిగి పెద్దవాళ్ళైనవాళ్ళ జాబితా అది. ముప్పై ఏళ్ళుగా అలాంటి లోపాలను గర్భంలోనే సరిచేస్తున్నారు కనుక అందులో కొత్త పేర్లు చేరడం లేదు. పద్నాలుగు పేర్లు మిగిలాయి. వాటిని సాధారణ పట్టికలో కలిపేస్తే, మా నిర్ధారణ యంత్రమైన తూనిక ఇకమీద ఆ గుండెలను మామూలు గుండెలుగానే చదువుతుంది. కలపడానికి ముందు, ఈ పద్నాలుగింటిలో ఒక గుండెకు పట్టిన క్రిమిని కనుక్కోవడానికి మాకు పట్టిన రోజుల నమోదును ఇక్కడ ఉంచుతున్నాను. నా పొరపాట్లను దిద్దలేదు. అవి కూడా చదవవలసినవే.

డాక్టర్ కొల్లూరి వైదేహి, మూడో వేదిక వైద్యశాల

రోజు 212, ఉదయం

ఓలేటి నూకరత్నం, ముప్పై ఎనిమిదేళ్ళు, దగ్గుతో వచ్చింది. అయిదు నెలల్లో ఇది మూడోసారి.

పుట్టుకతో ఆమె గుండెలో నాలుగు లోపాలున్నాయి. రెండో ఏట ఒకసారి, పంతొమ్మిదో ఏట మరోసారి గుండె తెరిచారు. రెండోసారి, కుడి గది నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారిలో, పశువుల కణజాలంతో చేసిన కవాటం ఉన్న గొట్టాన్ని అమర్చారు. ఆ గొట్టంతోనే ఆమె మునిగిన ఊళ్ళలోకి దిగి ఇనుము తీసే పని చేస్తోంది. ఆరుగురు ఒక తాడు పట్టుకుని దిగుతారు. ఇక్కడి మాటలో ఆ జట్టు పేరే తాడు.

మొదటిసారి, 71వ రోజున, ఆమెను చూసింది నేనే. ఉప్పు ఊపిరి అని రాసి పది రోజుల మాత్రలిచ్చాను. ఉప్పు తుంపర్లు పీల్చి వేదిక మీద ప్రతి ముగ్గురిలో ఒకరు దగ్గుతారు కాబట్టి అలా రాయడం తేలిక. కృత్రిమ కవాటం ఉన్న మనిషికి మాత్రలివ్వడానికి ముందు రక్తం తీసి పరీక్షకు పంపాలి. నేను పంపలేదు. మాత్రలతో తగ్గింది, మళ్ళీ వచ్చింది. 158వ రోజున మరో డాక్టర్ నా రాతనే చూసి అవే మాత్రలిచ్చారు.

ఇవాళ బరువు నాలుగు కిలోలు తగ్గింది. నాడి తొంభై ఆరు. కళ్ళ కింద పాలిపోయింది. జ్వరం వస్తోందా అని అడిగితే లేదంది. ఒంటి వేడి, నాడి, గుండె గీత మాకు పంపే ముంజేతి పట్టీ కూడా అదే చెబుతోంది: అయిదు నెలలకు పైగా ఒంటి వేడిలో చెప్పుకోదగిన మార్పు లేదు.

ఈసారి మాత్రలివ్వలేదు. గంటకోసారి చొప్పున మూడుసార్లు, వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీయమని నర్సు ఎస్తేరుకు చెప్పాను.

"మూడుసార్లెందుకండీ, ఒక్కసారే ఓ చెంబుడు తీసేసుకోండి, నాకు పనుంది," అంది నూకరత్నం.

"ఒక్క చోట తీస్తే, దొరికిన క్రిమి రక్తంలోదో సూదికి అంటిన చర్మం మీదిదో తెలియదమ్మా," అన్నాను.

"అయితే నా సర్మం మీద నమ్మకం లేదన్నమాట మీకు."

మూడు జతలు, ఆరు సీసాలు. ఫలితం తెలిసేదాకా నీళ్ళలోకి దిగవద్దని చెప్పాను. తలూపింది.

రోజు 213

ఊపిరితిత్తుల చిత్రం వచ్చింది. రెండు వైపులా అంచుల్లో మూడు చిన్న మచ్చలున్నాయి. 158వ రోజు చిత్రంలోనూ మూడున్నాయి, కానీ వేరే చోట్ల. ఉప్పు ఊపిరి పైభాగంలో మొదలై అక్కడే ఉంటుంది, ఇలా చోటు మారదు. గొట్టంలో ఏదో పెరుగుతూ, దాని ముక్కలు విరిగి రక్తంతోపాటు ఊపిరితిత్తుల్లోకి కొట్టుకుపోతుంటే మాత్రం ఇలాగే కనిపిస్తుంది.

ధ్వని తరంగాలతో గొట్టాన్ని చూడడానికి గంటసేపు ప్రయత్నించాను. అది రొమ్ము ఎముకకు సరిగ్గా వెనుక ఉంది, గోడలు సున్నంలా గట్టిపడ్డాయి. నీడ తప్ప మరేమీ దొరకలేదు. ఏమీ లేదని అనడానికి వీల్లేదు. చూడలేకపోయానని మాత్రమే రాశాను.

వివరాలన్నీ తూనికకు ఇచ్చాను. కృత్రిమ కవాటానికి ఒక మార్కు, ఊపిరితిత్తి మచ్చలకు ఒకటి. జ్వరానికి సున్న, రక్తానికి ఇప్పటికి సున్న, గుండె చిత్రానికి సున్న. ఫలితం: తిరస్కృతం.

తూనికలో మూడు మెట్లున్నాయి. తిరస్కృతం అంటే ఇంటికి పంపాలి. సందేహం అంటే గట్టు మీది పెద్దాసుపత్రి నుంచి కాంతి చక్కెర అనే వెలిగే మందు తెప్పించి ప్రత్యేక చిత్రం తీయవచ్చు. నిశ్చితం అయితేనే శస్త్రచికిత్సకు గట్టుకు తీసుకువెళ్తారు. నూకరత్నానికి రెండో మెట్టు దొరకాలంటే ఇంకొక్క మార్కు కావాలి.

మందు మొదలుపెట్టేయవచ్చు కదా అని ఎస్తేరు అడిగింది. మొదలుపెడితే వారంలో దగ్గు తగ్గుతుంది, ఇకమీద తీసే రక్తంలో ఏమీ మొలవదు, మూడు వారాలకు ఆమె మళ్ళీ వస్తుంది. అప్పటికి గొట్టం తెగిపోయి ఉండవచ్చు. అలాగని ఆగడం వల్ల ప్రమాదం లేదని నేను చెప్పలేను. రోజుకు రెండుసార్లు చూస్తూ ఆగుదామని నిర్ణయించాను.

రోజు 216

నాలుగో రోజు. ఆరు సీసాలూ తేటగానే ఉన్నాయి. అయిదో రోజున పారేయడం ల్యాబ్ నియమం. పద్నాలుగో రోజు వరకు వెచ్చని పెట్టెలోనే ఉంచమని రాసిచ్చాను. చోటు లేదన్నారు. నా గదిలో ఉన్న చిన్న పెట్టెను ఇచ్చాను.

రాత్రి ఆమె పట్టీ పంపిన అంకెలు చూస్తుండగా ఒకటి అర్థం కాలేదు. ఒంటిగంట నుంచి ఏడింటి వరకు నాడి అరవై రెండు. ఉదయం ఇక్కడ కూర్చున్నప్పుడు తొంభై నాలుగు. రక్తం పలచబడిన మనిషి నాడి పగటిపూట ఇంతగా దిగదు.

వెనక్కి వెళ్ళి చూశాను. ఆదివారాలు తప్ప ప్రతి మధ్యాహ్నం అంతే. ఆదివారాలు మాత్రం వేరు. గత పదకొండు ఆదివారాల్లో ఆరింట, మధ్యాహ్నం వేడి ముప్పై ఎనిమిది దాటింది. వరుసగా రెండు రోజులు వస్తేనే తూనిక దాన్ని జ్వరం అంటుంది. వారానికొకసారి వచ్చేదాన్ని పరికరం దోషంగా తీసేస్తుంది.

అప్పుడు గుండె గీతను పెద్దది చేసి చూశాను. నూకరత్నానికి చిన్నప్పటి శస్త్రచికిత్స వల్ల విద్యుత్తు కుడి గదికి ఆలస్యంగా చేరుతుంది. అందుకే ఆమె గుండె ప్రతి దెబ్బా గీత మీద వెడల్పుగా పడుతుంది: సెకనులో నూట అరవై ఎనిమిది వెయ్యో వంతులు. ఇరవై ఏళ్ళుగా ఆ వెడల్పు మారలేదు, మారదు కూడా. మధ్యాహ్నపు గీతల్లో దెబ్బ వెడల్పు తొంభై.

అది ఆమె గుండె కాదు.

రోజు 217

ఎవరికీ చెప్పకుండా రెండింటికి, తాడులు దిగే ఇనుపరేవుకు వెళ్ళాను. టార్పాలిన్ నీడలో ఒక పెద్దాయన పీట మీద కూర్చుని రబ్బరు తొడుగులకు మాట్లు వేస్తున్నాడు. పక్కన తాడు నీళ్ళలోకి దిగి ఉంది. ఆయన రెండు ముంజేతుల మీదా మూడేసి పట్టీలున్నాయి.

ఆయన పేరు సింహాద్రి, నూకరత్నానికి మేనమామ. తాడుకు పైమనిషి, అంటే పైన కూర్చుని తాడు కుదుపులను బట్టి కిందివాళ్ళను కనిపెట్టుకుని ఉండేవాడు. పట్టీలు ఎవరివని అడిగాను.

"మా తాడోళ్ళయ్యండి. కింద నీళ్ళు సల్లన కదండీ, పట్టీ సల్లబడితే మడిసి పోయాడనుకుని కేకేత్తాది. పడవొచ్చేత్తాది, పనాగిపోద్ది. అందుకని పైమడిసి ఏసుకుని ఎచ్చగా ఉంచుతాడండి. ఇరవై రెండేళ్ళుగా నేనే."

వైద్యశాలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా అని అడిగాను.

"మీకు తెలీదేటండీ?" అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. రేవులో అందరికీ తెలిసినది మాకూ తెలిసే ఉంటుందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. పట్టీ ఎవరి చేతికి ఉందో అడగకుండా అంకెలు చదివినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నేను ఎందుకు వచ్చానో విడమరిచి చెప్పాను. తొడుగు కింద పెట్టి, ఎడమ చేతి మీది మధ్య పట్టీని వేలితో తాకి చూశాడు. అది ఆమెదే.

"అంటే నా ఒంటి ఏడి ఆ పిల్ల పేరున రాసేసుకున్నారా అండి?"

అవునన్నాను. ఆయన వెంటనే తాడును మూడుసార్లు గుంజాడు. అది పైకి రమ్మనే సైగ.

నలుగురి తరువాత నూకరత్నం నిచ్చెన పట్టుకుని వచ్చింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి తల తిప్పుకుంది. నోటిలో నేనే థర్మామీటర్ పెట్టాను: ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది, చన్నీళ్ళలోంచి వచ్చిన మనిషికి. రోజూ ఇలాగే ఉంటుందా అని అడిగాను. నీళ్ళలోంచి వస్తే అందరికీ వణుకే కదా అంది. పైకి రాగానే తాడువాళ్ళందరూ ఒళ్ళునొప్పుల మాత్ర ఒకటి వేసుకుంటారట. పట్టీ మళ్ళీ ఆమె చేతికి వచ్చేసరికి ఆ మాత్ర పనిచేయడం మొదలుపెడుతుంది. జ్వరం ఎప్పుడూ మాకు కనపడకపోవడానికి రెండో కారణం అది.

ఆమెను పక్కకు తీసుకువెళ్ళి, నీళ్ళలోకి దిగవద్దన్నాను కదా అన్నాను.

"ఐదుగురితో తాడు దిగనివ్వరండి. నేను పడుకుంటే అందరూ పడుకోవాలి." తడి తొడుగు విప్పుకుంటూ, "పంతొమ్మిదో ఏట ఆపరేషనయ్యాక బరువు పనేదీ సెయ్యకూడదని రాసిచ్చారు మీవోళ్ళు. ఆ కాయితం సూసి ఎవుళ్ళూ నన్ను పన్లో పెట్టుకోలేదు. మావయ్య ఆ కాయితం సూడకుండానే తాడిచ్చాడు. ఇదంతా రాయకండి డాట్రమ్మగారూ," అంది.

రాయకపోతే మీ గుండెలో ఏముందో చూడడానికి నాకు దారి లేదన్నాను. అది ఆమెకు అర్థమైంది. చెయ్యి చాపింది.

అక్కడే, వణుకు మీదున్నప్పుడే, మరో మూడు జతల రక్తం తీసుకున్నాను. వైద్యశాలలో చేర్చుకున్నాను.

రోజు 218

నమోదు దిద్దాలంటే, పట్టీ వేసుకున్నది ఆమె కాదని సాక్ష్యం కావాలి. వేసుకున్నది ఎవరో పేరు కావాలి. పేరు రాస్తే ఆ తాడు అనుమతి రద్దవుతుంది. గుండె గీతల వెడల్పు ఒక్కటే చాలదా అని వేదిక కార్యాలయాన్ని అడిగాను. గీత సాక్ష్యం కాదని, పరికరం తేడా కావచ్చని జవాబొచ్చింది.

పదింటికి సింహాద్రి తానే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎస్తేరు కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపించమన్నాడు. రద్దు సంగతి ముందే చెప్పాను. తెలుసన్నాడు. ఆయన గుండె గీత కూడా తీసి జతచేశాను. దెబ్బ వెడల్పు తొంభై, నాడి అరవై మూడు.

ఆదివారాలు కాక మిగిలిన నూట నలభై మధ్యాహ్నాలనూ ఆమె పేరు నుంచి తీసేశారు. వాటి స్థానంలో ఆరు ఆదివారాలు, రేవులో నేను తీసిన వేడి, నిన్న సాయంత్రం, ఇవాళ ఉదయం ఎస్తేరు చేత్తో తీసిన రెండు వేడులు నిలిచాయి. జ్వరానికి మార్కు పడింది. తూనిక: సందేహం.

గట్టుకు కబురు పంపాను. కాంతి చక్కెర 221వ రోజు ఉదయం బయలుదేరుతుంది.

మధ్యాహ్నానికి తాడు అనుమతి పోయింది. సాయంత్రం తాడు పెద్ద పోలారావు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఆ పిల్ల బతకాలనే మేఁవూ కోరుకుంటాం. కాకపోతే ఆరు పొయ్యిలు ఒక్కసారే ఆర్పేసారు మీరు. మా తాడుకి మందేటో అది కూడా రాసివ్వండి."

కార్యాలయానికి లేఖ రాస్తానన్నాను. ఆయన లోపల మంచం వైపు చూసి, ఆమె మేలుకునే ఉందని గమనించి, వెళ్ళిపోయాడు.

రోజు 220

మంట ఉన్నచోట కణాలు చక్కెరను ఆత్రంగా తింటాయి. కాంతి చక్కెర ఎక్కడ చేరిందో చూస్తే మంట ఎక్కడుందో తెలుస్తుంది. చిక్కేమిటంటే గుండె కండరం కూడా చక్కెర తింటుంది. దానికి ఆ అలవాటు మాన్పించాలంటే ముందు రోజంతా అన్నం, రొట్టె, బెల్లం, పళ్ళు ఏవీ పెట్టకుండా కొవ్వు మాత్రమే పెట్టాలి. ఎస్తేరు నూనెలో వేయించిన వంజరం చేప ముక్కలు, నాలుగు గుడ్లు పెట్టింది.

"అన్నం లేకుండా సేప ముక్కేటి వదినా, గోడలేని కిటికీలాగ," అంది నూకరత్నం.

ఎస్తేరు నవ్వింది గానీ మంచం పక్కనుంచి కదల్లేదు. చూడడానికి వచ్చినవాళ్ళు ప్రేమకొద్దీ ఒక్క లడ్డూ పెట్టినా పరీక్ష పోతుంది, మరో మోతాదుకు పన్నెండు రోజులు ఆగాలి. నిజానికి చూడడానికి వచ్చింది సింహాద్రి ఒక్కడే. ఖాళీ చేతులతో వచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి వేడి ముప్పై తొమ్మిది. ఆగుతున్నందుకు నాకు భయంగా ఉంది.

రోజు 221

కాంతి చక్కెర దాదాపు ప్రతి రెండు గంటలకూ సగం తరిగిపోతుంది. ఆరు గంటల్లోపు నరంలోకి ఎక్కించకపోతే పనికిరాదు. పడవ ఆరింటికి బయలుదేరింది, మామూలుగా మూడు గంటల దారి. తొమ్మిదికి రాలేదు. అలలు ఎక్కువగా ఉన్నాయని తొమ్మిదిన్నరకు కబురు. పదికీ రాలేదు. ఎస్తేరు నూకరత్నం చేతికి సూది పెట్టి సిద్ధంగా ఉంచింది. పదకొండూ పదికి సీసం పెట్టె మా చేతికి వచ్చింది, వెంటనే ఎక్కించాం.

ఒంటిగంటకు చిత్రం. గుండె కండరం చీకటిగా ఉంది, అంటే నూనె చేపలు పనిచేశాయి. గొట్టం మాత్రం వెలిగింది. ఊపిరితిత్తుల్లో మూడు చుక్కలు వెలిగాయి.

గట్టు మీది శస్త్రవైద్యుడు డాక్టర్ రహమతుల్లాకు చిత్రాలు పంపి మాట్లాడాను. ఆయన జాగ్రత్త మనిషి. పంతొమ్మిదేళ్ళ కిందటి శస్త్రచికిత్స కాగితాలు తెప్పించి చదివి, కుట్ల మీద అప్పట్లో జిగురు వాడారని చెప్పారు. ఆ జిగురు ఏళ్ళ తరబడి ఇలాగే వెలుగుతుంది. క్రిమి లేకుండానే వెలుగుతుంది.

"జిగురైతే చుట్టూ ఒకేలా ఉండాలి కదండీ. ఇది కవాటం దగ్గర ముద్దలుగా ఉంది," అన్నాను.

"నాకూ అలాగే అనిపిస్తోంది మేడమ్. కానీ అనిపించిందని మూడోసారి ఆ గుండె తెరవలేను. రెండుసార్లు తెరిచిన చోట గొట్టం ఎముకకు అతుక్కుని ఉంటుంది. రంపం పెట్టగానే తెగే అవకాశం పదిలో ఒకటి. క్రిమి పేరు చెప్పండి, తెరుస్తాను."

ఆయన తప్పు మాట్లాడలేదు.

నాలుగింటికి ఎస్తేరు నా గదిలోంచి పిలిచింది. 212వ రోజు తీసిన ఆరు సీసాల్లో ఒకటి మబ్బుపట్టింది. తొమ్మిదో రోజున.

ల్యాబ్ నియమం ప్రకారం అది నాలుగు రోజుల కిందటే చెత్తలో ఉండవలసిన సీసా. క్రిమిని గుర్తించారు: చర్మం మీద, నోటిలో నిశ్శబ్దంగా బతుకుతూ చాలా మెల్లగా పెరిగే జాతి. కృత్రిమ కవాటాలకు పడుతుంది. సూది గుచ్చేటప్పుడు చర్మం నుంచి సీసాలోకి జారేది కూడా అదే. రేవులో తీసిన సీసాలు ఇంకా తేటగానే ఉన్నాయి. ఆరింటిలో ఒక్క సీసా అంటే తూనికకు సున్న. నాకు కూడా సగమే.

రోజు 222

పన్నెండింటికి నూకరత్నం దగ్గి రక్తం ఉమ్మింది. రెండు చెంచాలు. వెంటనే కుడి పక్కన నొప్పి, ఆయాసం. మరో ముక్క ఊపిరితిత్తిలోకి వెళ్ళింది, ఇంతకు ముందు వాటికంటే పెద్దది. ఆక్సిజన్ పెట్టాం.

ఇక ఆగలేదు. మూడు జతల రక్తం తీసి, ఆఖరి సీసా మూత బిగించిన నిమిషంలోనే నరం ద్వారా మందు మొదలుపెట్టాను. 213వ రోజున మొదలుపెట్టి ఉంటే ఈ ముక్క విరిగేది కాదేమో. మొదలుపెట్టి ఉంటే రేవులో ఆ జ్వరమూ, నిన్నటి చిత్రంలో ఆ వెలుగూ దొరికేవి కావు. రెండూ నిజమే. ఏది ఎక్కువ నిజమో ఇవాళ చెప్పలేను.

కాస్త కుదుటపడ్డాక నూకరత్నం నా వైపు చూసింది.

"మీకు బయమేత్తందా?"

"వేస్తోందమ్మా," అన్నాను.

"అయితే నాకు అబద్ధాలు సెప్పరు," అని కళ్ళు మూసుకుంది.

రోజు 224

ఉదయం ఎనిమిదింటికి రెండో సీసా మబ్బుపట్టింది. పన్నెండో రోజు. అదే క్రిమి. మొదటిది కుడి చేతి నుంచి తీసిన రక్తం, ఇది ఎడమ చేతిది, రెండింటి మధ్య గంట తేడా. రెండు చేతుల చర్మం నుంచీ ఒకే క్రిమి, ఒకే పోలికతో, విడివిడిగా జారిందని నమ్మడం కష్టం. రెండింటి జన్యురాతలోనూ అక్షరం తేడా లేదని ల్యాబ్ పదింటికి చెప్పింది.

తూనిక: నిశ్చితం.

రహమతుల్లా ఒక్క మాటే అడిగారు, ఎన్నింటికి బయలుదేరుతున్నారని. పదకొండింటికి రేవులో పడవ ఎక్కించాం. అలలు ఇంకా తగ్గలేదు, మంచం అటూ ఇటూ ఊగింది. పోలారావు, మరో ముగ్గురు తాడువాళ్ళు రేవులో ఉన్నారు. మంచాన్ని పడవలోకి దించింది వాళ్ళే. బరువైన ఇనుమును ఒడుపుగా దించడం అలవాటైన చేతులు కాబట్టి సెలైన్ సీసా కూడా కదల్లేదు.

"నీళ్ళలో దిగే వరస మర్సిపోకే," అన్నాడు పోలారావు ఆమెతో.

"మీరు తాడు కట్టే వరస మర్సిపోకండి," అంది ఆమె ఆక్సిజన్ ముసుగు లోపలి నుంచి.

సింహాద్రి ఆమెతోపాటు పడవ ఎక్కాడు.

రోజు 229

గట్టు నుంచి కబురు. శస్త్రచికిత్స తొమ్మిది గంటలు పట్టింది. ఎముక కోసేటప్పుడు గొట్టం చిరిగింది. అందుకు ముందే సిద్ధపడి తొడ నరం ద్వారా రక్తాన్ని యంత్రానికి మళ్ళించి ఉంచడం వల్ల ఆమె బతికింది. తీసిన గొట్టం ఫొటో పంపారు. కవాటం మూడు రెక్కల్లో రెండింటికి పసుపుపచ్చని గడ్డలు పట్టి ఉన్నాయి. మూడో రెక్క సగం లేదు. కుట్ల చుట్టూ ఉన్న జిగురు శుభ్రంగా ఉంది.

ఫొటోను ఎస్తేరుకు చూపించాను. ఆమె దగ్గరగా పట్టుకుని చూసింది. ఆ తరువాత మిగతా మంచాల దగ్గరికి వెళ్ళింది.

రోజు 236

నూకరత్నం కళ్ళు తెరిచి, నోటిలో ఊపిరి గొట్టం లేకుండానే గాలి పీల్చుకుంటోంది. మూడు రోజులుగా జ్వరం లేదు. అక్కడి నర్సు నాలుగు గంటలకోసారి చేత్తో తీసి రాస్తోంది. ఆ కాగితం రోజూ నాకు వస్తోంది.

తాడు అనుమతి ఇంకా తిరిగి రాలేదు. పట్టీని కేక వేయకుండా చన్నీళ్ళలో పనిచేయించే మార్గం చూడమని, అప్పటిదాకా తాడుల మీది శిక్షను ఆపమని కార్యాలయానికి మూడు లేఖలు రాశాను. జవాబు లేదు.

నాకు తెలియనివి ఇవి. క్రిమి ఎప్పుడు లోపలికి వచ్చిందో తెలియదు. ఇనుము గీసుకున్న చర్మం నుంచా, నీళ్ళలో గాలికి పెట్టుకునే నోటిగొట్టం కొరికి పగిలిన దవడపన్ను నుంచా అన్నదీ తెలియదు. నేను 71వ రోజున రక్తం తీసి ఉంటే గొట్టం మిగిలేదా అన్నది ఎప్పటికీ తెలియదు. పట్టికలో మిగిలిన పదమూడు మందిలో నలుగురు తాడుల మీద పనిచేస్తున్నారు. వాళ్ళ పట్టీల్లోని మధ్యాహ్నాలు ఎవరివో ఇంకా చూడాలి. రేపు ఒక్కొక్కరి గీత వెడల్పు కొలవడం మొదలుపెడతాను.

తీసిన గొట్టాన్ని ల్యాబ్‌లో పెంచి చూస్తే ఏమీ మొలవలేదు. అప్పటికే ఏడు రోజులు మందు పడింది కాబట్టి, క్రిమి చచ్చిందని దాని అర్థం కావచ్చు, దాక్కుందని కూడా కావచ్చు. ఆరు వారాల మందు పూర్తయి, ఆపిన పదో రోజున మళ్ళీ మూడు చోట్ల రక్తం తీసి, సీసాలను పద్నాలుగు రోజులు ఉంచి చూస్తాం. కొత్త గొట్టానికి క్రిమి అంటలేదని అంతవరకు నేను రాయలేను.